కర్ర అడ్డుపెట్టిన చోట

వాక్య భాగం: మార్కు సువార్త 10:46–52

రష్యా చిత్రకారుడు ఇల్యా రేపిన్ 1880 నుంచి 1883 దాకా ఒక ఊరేగింపు బొమ్మ వేశాడు. కూర్స్క్ సీమలో మరియమాత పటాన్ని మోసుకెళ్లే ఊరేగింపు అది. మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఇప్పటికీ ఉంది. దుమ్ము లేస్తున్న బాట, చెట్లన్నీ నరికేసి మోడులు మిగిలిన గుట్ట. ముందు రైతులు రిబ్బన్లు కట్టిన పెద్ద దీపమందిరాన్ని భుజాన మోస్తున్నారు. వెనక ఇద్దరు ఆడవాళ్లు పటం ఉంచే పెట్టెను భక్తిగా పట్టుకుని నడుస్తున్నారు. ఆ పెట్టె ఖాళీది. పటం కలవారింటి ఇల్లాలి చేతుల్లో ఉంది. గుర్రమెక్కిన అధికారి ఒకడు జనం మీదికి కొరడా ఎత్తాడు. 1861లోనే రైతుల వెట్టి పోయిందని చట్టం చెప్పింది. ఇరవై ఏళ్లు గడిచినా బాటలో ఎవరి చోటు వారిదే.

నా కళ్లు మాత్రం ఎడమవైపు గూనిపిల్లవాడి దగ్గరే ఆగిపోతాయి. చంకలో ఊతకర్ర, ఒళ్లంతా ముందుకు వంచి, అందరికన్నా ఆత్రంగా వస్తున్నాడు. పక్కనున్న మనిషి చేతికర్ర అడ్డుపెట్టి వాణ్ని వరుసలోకి రానివ్వడం లేదు.

యెరికో దారిలో గుడ్డి బిచ్చగాడు బర్తిమయికి జరిగిందీ ఇదే. నోరు మూసుకోమని గద్దించింది శత్రువులు కారు, యేసు వెంట నడుస్తున్నవాళ్లే. అతడు ఇంకా గట్టిగా కేకపెట్టాడు. ప్రభువు ఆగాడు. ఆగి, అతణ్ని పిలవమని ఆ చుట్టూ ఉన్నవాళ్లకే చెప్పాడు. ఈ మాట దగ్గర కాసేపు నిలవండి. గద్దించిన నోళ్లకే పిలిచే పని అప్పగించాడు ఆయన.

గుడి గడప తొక్కనివ్వని రోజులు ఈ కృష్ణా డెల్టాలో మన తాతలకు తెలుసు. అందుకే మనం మరింత జాగ్రత్తగా ఉండాలి. మన సంఘాల్లో ముందు కుర్చీ ఎవరిది, వెనక చాప ఎవరిది? కానుక పెద్దదైనవారి పేరు మైకులో ఎన్నిసార్లు వినిపిస్తుంది? కూలికి వెళ్లి ఆలస్యంగా వచ్చిన అమ్మను తలుపు దగ్గర ఎవరు పలకరిస్తున్నారు? ఆ చేతికర్ర మన చేతిలోనూ ఉండవచ్చు.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలోని గుణదల కొండ మీద మరియమాత ఉత్సవాలు. వరి కోసిన చేలల్లో మినుము ఎదిగే రోజులవి. కంకిపాడు నుంచి పోరంకి, కానూరు మీదుగా బస్సుల్లో, ఆటోల్లో, కాలినడకన జనం వెళతారు. మీరూ వెళితే, కొండ మెట్ల దగ్గర నడవలేనివారి కోసం ఆగండి. వారికి దారి ఇవ్వండి, చెయ్యి అందించండి. వారిని ముందు ఎక్కనిచ్చి మీరు వెనక ఎక్కండి.