కంప్యూటరు చెడుటకు అదృష్టము కారణమా?

సంకటము సంభవించినపుడు దాని కారణమును వెదకుట ధర్మమా, లేక ప్రాప్తమని యెంచి ఊరకుండుట ధర్మమా యను ప్రశ్న మన దేశమున మిక్కిలి పాతది. అయినను ఈ కాలమున అది పురాణశ్రవణశాలలలో కంటె కంప్యూటరు తెర యెదుటనే మనకు తరచుగా ఎదురగుచున్నది. నిన్న చక్కగా పనిచేసిన ప్రింటరు నేడు ఉలుకక పలుకక కూర్చుండును. పాస్‌వర్డ్ సరిగా కొట్టినను యంత్రము లోనికి రానీయదు. అపుడు మనము చేయు పని యొక్కటే, ఆపి మరల పెట్టుట. పనిచేసెనా, హమ్మయ్య యందుము. ఎందుకు చెడినదో తెలియదు, ఎందుకు బాగుపడినదో అంతకంటెను తెలియదు. గ్రహశాంతి చేయించి యింటికి పోవువాని మనఃస్థితికిని దీనికిని భేద మేపాటిదో చదువరులే యోచింపవలెను.

ఈ విషయమున వైశేషిక దార్శనికులు మనకంటె నిజాయితీపరులు. సూదంటురాతివైపునకు సూది యేల జరుగునో, నిప్పు పైకేల యెగయునో, పరమాణువులకు తొలి చలన మెట్లు కలిగెనో చూచి చెప్పుటకు వీలుకానందున అట్టిచోట్ల మాత్రమే ఆ దర్శనపు సూత్రకారుడగు కణాదుడు అదృష్టమును, అనగా కంటికి కనబడనిదానిని, కారణముగా సూత్రించెను. కంటికి కారణము దొరకినచోట ఆయన దానిని పిలువలేదు. అయస్కాంతపు మర్మము తరువాతివారికి బోధపడినపుడు ఆ మేరకు అదృష్టము వెనుకకు జరిగినదే గాని కణాదునకు వచ్చిన లోప మేమియు లేదు. అయితే ఆయన ఊహకు అందని స్థితి యొకటి మన కాలమున పుట్టినది: కారణము మానవుడు కల్పించినదే, అది అక్షరరూపమున ఒకచోట వ్రాయబడియే యున్నది, ఎఱిగినవారును కలరు, కాని యంత్రమును కొని వాడుకొనువాడు దానిని చూడరాదని ఒడంబడిక. ఇది ప్రకృతి దాచిన అదృష్టము గాదు, కాగితముపై సంతకముచేసి దాచిన అదృష్టము. మూలగ్రంథమును (సోర్స్ కోడును) మూసిపెట్టిన సాఫ్ట్‌వేరుపై నాకు గల ప్రధానమైన ఆక్షేపణ ధరను గూర్చినది కాదు. అది బుద్ధిమంతుని సయితము దైవోపహతునిగా చేయుచున్నదన్నదే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు బీజము ఒక ప్రింటరు చిక్కులోనే పడినదన్న సంగతి ఇచట స్మరణీయము. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలకు వచ్చిన లేజరు ప్రింటరులో కాగితము మాటిమాటికిని చిక్కుకొనెడిది. అంతకుముందున్న ప్రింటరు విషయమున, అట్లు చిక్కినపుడెల్ల అచ్చుకై వేచియున్నవారి తెరలపై ఆ వార్త కనబడునట్లు రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామును సవరించి యుండెను. క్రొత్తదానికి అట్లు చేయుదమన్న మూలగ్రంథము చేతికి రాలేదు, అది గలవా రెవరో తెలిసికొని పోయి యడిగినను, ఇయ్యనని మాట యిచ్చియుంటినన్న సమాధానమే లభించెను. 1983 సెప్టెంబరు 27న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకై స్టాల్‌మన్ చేసిన గ్నూ ప్రకటన వెలువడుటకు, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను లోకమునకు విడిచిపెట్టుటకు నడుమ నడచిన కథ అందఱికిని తెలిసినదే.

ఇక దృష్టాంతమునకై పద్మనాభ మను ఊరిని తలచుకొందము. కొండమీద అనంతపద్మనాభస్వామి, దిగువను కుంతీమాధవస్వామి, నడుమ వేయికి మించిన మెట్లు. 1794 జూలై 10న విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజు ఈస్టిండియా కుంపిణీ సైన్యముతో పోరి నేలకూలిన దిచటనే; ఆ మరణమును విధి యనుట సులభము గాని, పేష్కషు బకాయీలకై కుంపిణీవారు పెట్టిన ఒత్తిడిని, రాజును మచిలీపట్నమునకు తరలిపొమ్మన్న ఉత్తరువును తెలిసినవానికి ఆ విధికి చేతులును చేవ్రాళ్లును కనబడును. ఇట్టి యూర బస్సులు ఆగుచోట ఒక చిన్న డి.టి.పి. దుకాణ మున్నదనుకొందము. కార్తిక అమావాస్యనాటి దీపోత్సవమునకు కరపత్రములు రేపటికి కావలెను. అది లినక్స్ వ్యవస్థ యగు ఉబుంటు వేసికొన్న పాత కంప్యూటరు. రాత్రి అప్‌డేట్ జరిగినది, తెల్లవారి వై-ఫై లేదు. దుకాణదారుడు తలపట్టుకొని, అప్‌డేట్ చేయుటయే పాపమైనదని నిశ్చయించును.

ఈ నిశ్చయమును తార్కికు డొప్పుకొనడు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహములో పొగను చూచి కొండపై నిప్పును ఊహించుట యెట్లో చెప్పి, నిప్పును చూచి పొగను ఊహింపరాదనియు చెప్పెను. ఏలయన పొగ నిప్పువలననే పుట్టదు, నిప్పునకు తడికట్టెతోడి సంబంధము కావలెను. ఆ తడికట్టెయే ఉపాధి. ఎఱ్ఱగా కాలిన ఇనుపముద్దలో నిప్పున్నది, పొగ లేదు. విశాఖ ఉక్కు కర్మాగారమున కొలిమినుండి వెలువడు ఉక్కుదిమ్మను చూచినవారికి ఈ దృష్టాంతమును వివరింప నక్కఱలేదు. మన దుకాణదారుడు యంత్రమును మరల తెఱచునపుడు వచ్చు గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్ నెన్నుకొన్నచో వై-ఫై పలుకును, క్రొత్తదానితో పలుకదు. అన్వయవ్యతిరేకములు రెండును కుదిరినవి గదా, క్రొత్త కెర్నెలే దోషి యనవచ్చునా? అనరాదు. యంత్రము తన పనులను వ్రాసికొను చిట్టా యగు లాగ్‌ను తెఱచి చదివినచో, ఆ వై-ఫై చిప్పునకు వలయు డ్రైవరును ప్రతి క్రొత్త కెర్నెల్‌కును మరల నిర్మింపవలసి యుండగా, అందుకు కావలసిన హెడర్లు లేకపోవుటచే ఆ నిర్మాణము నడుమ నిలిచిపోయినదని తెలియును. తడికట్టె యచట నున్నది. హెడర్లు వేసి డ్రైవరును మరల కట్టినచో క్రొత్త కెర్నెలును నిర్దోషి యగును.

కర్మఫలముల నడుమ గల దూరమును మీమాంసకులు అపూర్వముతో పూరించిరి. నేడు చేసిన యజ్ఞము నేడే నశించును, ఫలము ఎన్నడో కలుగును, రెంటిని కలుపు కనబడని శక్తి యొకటి నడుమ నుండవలెనని వారి వాదము. లినక్స్‌లో నేను మిక్కిలి యిష్టపడు దోషమొకటి యీ వాదమునకు వ్యాఖ్యానమువలె నుండును. ఎవరో చెప్పగా విని, కిటికీతో తెఱచుకొను ఒక ప్రోగ్రామును ముందు 'సూడో' చేర్చి సర్వాధికారముతో నడిపిరి. ఆ పూట పని యయినది, మఱచిరి. మఱునాడు పాస్‌వర్డ్ కొట్టగా తెర ఒక్కసారి మినుకుమని తిరిగి పాస్‌వర్డే అడుగును. తప్పు కొట్టితిమని పదేపదే కొట్టుదురు. నిజమునకు పాస్‌వర్డ్ ఒప్పే. నిన్నటి కార్యమున 'ఎక్స్ అథారిటీ' యను చిన్న ఫైలునకు యజమాని మారి, వాడుకరి పేరునకు బదులు సర్వాధికారి యగు 'రూట్' పేరు పడినది, అతని ఫైలును అతడే తెఱవలేని స్థితి యేర్పడినది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కి అక్షరములు మాత్రమే గల తెరకు పోయి ఫైళ్ల జాబితా నడిగినచో ఆ యజమాని పేరు ఎదుటనే కనబడును. నిన్నటి కర్మను నేటి ఫలముతో కలిపిన అపూర్వము ఒక పంక్తిలో చదువబడినది! మీమాంసకులు దీనిని చూచి సంతసింతురో, తమ పదార్థము దృష్టమైపోయెనని విచారింతురో చెప్పజాలను.

తెఱచియుంచినంతమాత్రమున చూచినట్లు కాదన్న సంగతియు చెప్పక తప్పదు. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను ప్రోగ్రాములో 2012లో దూరిన 'హార్ట్‌బ్లీడ్' దోషము, మూలగ్రంథము లోకమంతటికిని తెఱపియై యున్నను, 2014 ఏప్రిల్ వఱకు బయటపడలేదు. ఇంద్రియమున కెదుట వస్తువున్నను మనస్సు అందు నిలువనిదే ప్రత్యక్షము కలుగదని నైయాయికులు చెప్పినది ఇందుకే. అట్లే, లాగ్‌లో ఏమియు లేదు గావున దోషము లేదనుటయు తొందరపాటు. కనబడదగిన వస్తువు కనబడనపుడే దాని అభావము సిద్ధించునని మీమాంసకులలో భాట్టులు కట్టుదిట్టము చేసిరి. ఆ సంఘటనము ఆ లాగ్‌లో వ్రాయబడవలసినదే యైనచో దాని మౌనమును నమ్మవచ్చును, వేఱొక లాగ్‌కు చెందినదైనచో ఆ మౌనమునకు అర్థము లేదు.

సమస్తమును స్వయముగా చూచుటకు ఆయువు చాలదు గనుక పరుల మాటపై ఆధారపడుట తప్పదు, అది అవమానమును కాదు. కాని శబ్దము ప్రమాణ మగుటకు చెప్పువాడు ఆప్తుడై యుండవలెను, ఉన్న దున్నట్లు ఎఱిగి చెప్పువాడై యుండవలెను. యంత్రపు చిక్కులలో అట్టి ఆప్తుని గుర్తించుట కష్టము కాదు. ఇది కొట్టుము, బాగుపడును అని విరమించువాడు ఆప్తుడు కాడు. ఈ ఆజ్ఞ దేనిని మార్చునో, మార్పును వెనుకకు తీసికొనుట యెట్లో కూడ చెప్పువాడు ఆప్తుడు. పేరుగాని ఊరుగాని తెలియనివాని ఆజ్ఞను 'సూడో'తో సహా అతికించి ఎంటర్ నొక్కువాని భక్తి మూఢభక్తియే. మూలగ్రంథము తెఱచియున్న యంత్రమున మూఢభక్తికి సాకు మఱింత తక్కువ.

మన భాష విషయమున ఈ యంత్రము ఒక్కొక్కపుడు ముచ్చట గొలుపును. తెలుగు ఫాంటు లేనిచో పలుచోట్ల అది శూన్యమైన గడిని చూపి ఊరకుండక, 'క' రావలసినచోట గడిలోపల ఆ యక్షరపు యూనికోడ్ సంఖ్యను వ్రాసిపెట్టును. తాను చూపలేనిది ఏ యక్షరమో పేరుపెట్టి యొప్పుకొను యంత్రమును గౌరవింపవలసినదే. 2005లో వెలువడిన 'స్వేచ్ఛ' తొలి తెలుగు ఆపరేటింగ్ సిస్టమని పేరొందినది. పట్టికలు, మీటలు, హెచ్చరికలు అనేకము స్వచ్ఛంద సేవకులు తెనిగించిరి. అయినను తెర తెలుగున నుంచుకొన్నవాడు చిక్కు వచ్చినపుడు ఆజ్ఞకు ముందు 'ఎల్‌సీ_ఆల్=సి' యని చేర్చి ఆ దోషవాక్యమును ఇంగ్లీషులోనికి మరల రప్పించుకొని, అటుపిమ్మటనే దానిని వెదకును; తెలుగు వాక్యమును వెదకినచో ఫలము శూన్యమని వానికి తెలియును. సందేశములు తెలుగైనవి గాని, వాటిని ఎదుర్కొన్నవారి అనుభవము తెలుగున వ్రాతకెక్కలేదు. మన దుకాణదారుడును కరపత్రములు కట్టకట్టి యిచ్చి, హెడర్ల సంగతి ఎవరికిని చెప్పకయే తరువాతి బేరమునకు పోవును. పొరుగూరి దుకాణమున అదే అప్‌డేట్ ఆ రాత్రియే జరుగును.