తప్పనిసరి చందా, దాసోహము

ఆరోగ్యవంతుడు రోగి నిమిత్తమై పైకము చెల్లింపవలెనని ప్రభుత్వము శాసింపవచ్చునా? అమెరికా దేశమున ఈ ప్రశ్నపై గొప్ప వాదము నడచినది. 2010లో వచ్చిన చట్టము, కొందఱికి మినహాయింపులొసగి, తక్కిన పౌరులందఱును ఆరోగ్య బీమా కలిగియుండవలెననియు, లేనిచో జరిమానా కట్టవలెననియు విధించినది. 2012లో అచ్చటి సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల మతముతో, నలుగురు కాదనుచుండగా, ఆ జరిమానాను పన్నుగా నెంచి నిలిపినది. బీమా కొనుమన్న ప్రభుత్వము రేపు ఫలానా కూర కొనుమనియు అనదా యని విచారణలో ఒక న్యాయమూర్తి ప్రశ్నించెను. 2017 నాటి చట్టము ఆ జరిమానాను సున్న చేయగా, 2019 నుండి అది లేకపోయినది.

కూర ప్రశ్న చమత్కారమైనదే గాని పోలిక కుదురలేదు. ఒకడు కూర కొననంత మాత్రమున పొరుగువాని పథ్యము చెడదు. బీమా అట్టిది కాదు. జబ్బు చేసిన పిదపనే చేరుదుమని అందఱు ననుకొన్నచో నిధిలో రోగులే మిగులుదురు. అప్పుడు చందా పెరుగును. పెరిగినకొలది ఆరోగ్యవంతులు తొలగుదురు. కడకు నిధియే కూలును.

గనులలో పనిచేయువారు ఈ సంగతిని అందఱికన్న ముందే గ్రహించిరి. జర్మనీలోని గోస్లారు పట్టణము చెంత రోగులైన గనివారిని ఆదుకొను సంఘమొకటి యుండెనని 1260 నాటి పత్రము వలన తెలియుచున్నది. ప్రష్యా రాజ్యము 1854లో గని కార్మికుల చందాను తప్పనిసరి చేసినది. 1883లో బిస్మార్కు తెచ్చిన బీమా చట్టము ఆ పద్ధతినే ఇతర కార్మికులకును విస్తరింపజేసినది. మన దేశమున 1947 నాటి బొగ్గుగని కార్మిక సంక్షేమ నిధి చట్టము బొగ్గుపై సుంకము విధించి, కార్మికుల ఇండ్లకును వైద్యమునకును ఖర్చు చేయించినది. 1986లో అది రద్దయినది.

రామకృష్ణాపూర్‌లో సింగరేణి ఏరియా ఆసుపత్రి కలదు. కంపెనీ కార్మికునికిని, అతని ఆశ్రితులకును వైద్యము ఉచితము. ఉచితమనుటయే గాని, దాని ఖర్చు ఆ కార్మికుడు బాయిలోనుండి వెలికితీసిన బొగ్గు నుండియే వచ్చుచున్నది. జీతము చేతికి రాకముందే తీసినది గనుక అది చందాగా ఎవరికిని తోచదు. ఉద్యోగ విరమణానంతర వైద్య పథకమునకు చేతి పైకము కట్టవలసి వచ్చినప్పుడే, ఇది నాకేల యను ప్రశ్న పుట్టును. మనసు తీరట్టిది.

నిర్బంధముగా ఇచ్చినది దాసోహమగునా? భక్తి దృష్టితో కాదనియే చెప్పవలెను. అయినను దాసోహము దానము వంటిది కాదని మఱువరాదు. దానము చేయువాడు నాది నీకిచ్చితిననును. దాసోహము చేయువాడు ఇది నాది కాదు, నేను దాసుడననును. కాయకము వలన వచ్చినదానిలో ఇతరుల భాగమున్నదని నమ్మినవానికి శాసనము అక్కఱలేదు. శాసనమున్నను బాధ లేదు. నమ్మనివాని చందాతోను రోగికి మందు వచ్చును. వాని భక్తిని కొలుచుట ప్రభుత్వము పని కాదు.

కాని ఈ మాటను పేదవానిపై ప్రయోగించుట అన్యాయము. అందఱును ఒకే మొత్తము కట్టవలెనన్నచో, తక్కువ కూలివానికి అది పూట కూడు, అధికారికి చిల్లర. ఈ.ఎస్.ఐ. పద్ధతి ఈ విషయమున మేలు. 2019లో నిర్ణయించిన ప్రకారము కార్మికుని వంతు జీతములో 0.75 శాతము, యజమాని వంతు 3.25 శాతము. కాయకఫలమును బట్టి చందా.

ఇచ్చుటకు హద్దున్నట్లే పుచ్చుకొనుటకును హద్దు కలదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు, అతని భార్య లక్కమ్మ ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపినది. నిధి యందఱిది గదా యని అక్కఱలేని పరీక్షలు వ్రాయు వైద్యుడును, వానిని కోరి వ్రాయించుకొను రోగియు ఆ ఇల్లాలి యెదుట నిలువగలరా?

ఇక అసలు చిక్కు వేఱొకచోట నున్నది. చందాను నిర్బంధింపవచ్చునా యని వాదించువారు సాధారణముగా నిధి లోపల నున్నవారే. 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టము ఫ్యాక్టరీ యను మాటకు చెప్పిన అర్థములో గనులను చేర్చలేదు. గనులకు వేఱు ఏర్పాట్లున్నవని భావించిరి కాబోలు. సింగరేణిలో కంట్రాక్టు పద్ధతి పెరిగిన కొలది ఆ సందున పడినవారు పెరిగిరి. 2022 సెప్టెంబరులో కంట్రాక్టు కార్మికులు చేసిన సమ్మెలో వేతనములతో పాటు వైద్యమును గూర్చిన కోర్కెయు నుండెను. వారు చందా తగ్గింపుమని అడుగలేదు. తమను లోనికి తీసికొనుమని అడిగిరి. ఒకే బొగ్గుదుమ్ము ఇద్దఱి ఊపిరితిత్తులలోనికిని పోవుచుండగా, ఒకరి బిడ్డకు ఆసుపత్రి తలుపు హక్కుగా తెఱచి, రెండవవాని బిడ్డకు దయగా తెఱచుట ఏ లెక్కన కుదురునో, నిర్బంధమును సమర్థించువారును వ్యతిరేకించువారును కూడ చెప్పవలసియున్నది.