మన జట్టు అనే మాట



చదువు ముగించి యాభై ఏళ్లు దాటినా, తాను చదివిన కళాశాల జట్టు ఆడుతున్న రోజున ఆ జట్టు రంగు చొక్కా తొడుక్కొని కూర్చునే మనిషిని ఏమనాలి? పిచ్చి అనవచ్చు, విశ్వాసపాత్రత అనవచ్చు. అమెరికాలో ఇటువంటివారు లక్షలమంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తుతూ ఒకరినొకరు పడదోసుకొనే ఆట. శనివారాలలో కాలేజీ కుర్రవాళ్లు ఆడుతుంటే తాత, కొడుకు, మనుమరాలు ఒకే వరుసలో కూర్చొని చూస్తారు.

అటువంటి జట్లలో ఒకటి బాప్టిస్టు పేరు గలది. 1845లో బాప్టిస్టులు స్థాపించిన బేలర్ విశ్వవిద్యాలయం టెక్సాసు రాష్ట్రంలో వేకో పట్టణంలో ఉన్నది. మన నెల్లూరు మిషనుకు ఒకప్పుడు ఒంటరి నక్షత్రం అని పేరు. టెక్సాసుకు కూడా అదే పేరు. రెంటికీ సంబంధమేమీ లేదు. మన మధ్యకు వచ్చిన మిషనరీలు అమెరికా ఉత్తర రాష్ట్రాలవారూ కెనడావారూ గాని టెక్సాసువారు కారు. అయినా బాప్టిస్టు అన్న మాట చూడగానే మా మనసు అటు లాగింది.

ఆ జట్టు 1996 నుండి 2009 వరకు పద్నాలుగు సంవత్సరాలు వరుసగా గెలిచిన వాటికంటే ఓడిన ఆటలే ఎక్కువ. ఖాళీ సీట్లు కంటబడకుండా స్టేడియంలో ఒక కొస గుడ్డ కప్పారట. అయినా వచ్చేవారు వస్తూనే ఉన్నారు. ఫలితం లేదు, నెల్లూరు మిషనును మూసివేద్దామా అని 1853లో అమెరికాలో ఆలోచించినప్పుడు వద్దని పట్టుబట్టినవారిని మనం ఇప్పటికీ తలచుకొంటాం గదా. ఆట వేరు, సువార్త వేరు. ఓపిక మాత్రం ఒకటే జాతిది.

అయితే ఓడే జట్టును అంటిపెట్టుకోవడం ఎంత కష్టమైనా అందులో మనస్సాక్షికి చిక్కు లేదు. చిక్కు గెలుపుతో వచ్చింది. 2013లో వారు తమ కాన్ఫరెన్సు చాంపియన్లయ్యారు. 2014లో బ్రజోస్ నది ఒడ్డున కొత్త స్టేడియం లేచింది. అదే 2014లో ఆ జట్టులో ఆడిన ఒకనికి అత్యాచార నేరం మీద ఇరవై ఏళ్ల శిక్ష పడింది. 2016 మే నెలలో, న్యాయవాదుల విచారణ తరువాత, పాలకమండలి ఒక సారాంశం ప్రకటించింది. ఫిర్యాదు చేయబోయిన విద్యార్థినులను కొందరు అధికారులే నిరుత్సాహపరిచారనీ, ఫుట్‌బాల్ విభాగంలో కొందరు తమకు తెలిసిన సంగతులను చేరవలసిన చోటికి చేర్చలేదనీ అందులో ఉన్నది. కోచ్ ఆర్ట్ బ్రైల్స్ పోయారు. కెన్ స్టార్‌ను అధ్యక్ష పదవి నుండి తొలగించారు.

ఇక్కడ రెండు దృశ్యాలు మమ్మును వదలడం లేదు. 2016 ఫిబ్రవరిలో కొందరు విద్యార్థులు, పాత విద్యార్థులు కొవ్వొత్తులు వెలిగించుకొని అధ్యక్షుని ఇంటి ముందు నిలబడ్డారు, గాయపడిన ఆడపిల్లల పక్షాన. నవంబరులో స్టేడియం బయట కొందరు అభిమానులు తొలగింపబడిన కోచ్ పేరులోని పొడి అక్షరాలు అచ్చువేసిన నల్ల చొక్కాలు అమ్మారు. ఈ ఇద్దరిలో బేలర్‌ను ప్రేమించినవారు ఎవరు?

ఇద్దరూ అని మా సమాధానం. నల్ల చొక్కావారిని దుర్మార్గులని అనలేము. పద్నాలుగేళ్లు తలవంచుకొని ఇంటికి పోయినవారికి తల ఎత్తుకొనే రోజు తెచ్చినవాడు ఆయన. కృతజ్ఞత చిన్న సంగతి కాదు. కాని వారు మన జట్టు అన్నప్పుడు మన అనే మాట ఎక్కడ ఆగిపోయింది? 1927లో ఆటకు వెళుతూ రైలు ఢీకొన్న బస్సులో చనిపోయిన పదిమందిని ఆ విద్యాలయం నేటికీ మరువదు. కొత్తగా చేరిన పిల్లలకు ఆ కథ చెబుతారు. అంతటి జ్ఞాపకశక్తి గలవారికి తమ తరగతిలోనే కూర్చున్న అమ్మాయి ఏడుపు పరాయిదెట్లా అయింది? ఆమె కూడా అదే పచ్చ చొక్కా వేసుకొన్నది.

జట్టును విడిచిపెట్టాలని మేము అనడం లేదు. 2017లో బేలర్ పన్నెండు ఆటలాడి ఒక్కటే గెలిచింది. ఆ కుర్రవాళ్లలో చాలామంది చేయని తప్పుకు నిందపడ్డారు. వారిని చూడడానికి వచ్చినవారిని ఎవరు తప్పు పట్టగలరు? వచ్చి కూర్చొని, ప్రశ్న కూడా అడగవచ్చు.

ఇదంతా దూరదేశపు కథ అనుకొనేవారం, మాకూ ఒక షీల్డు లేకపోతే. మేము ఉపాధ్యాయులుగా ఉన్న రోజులలో మా పాఠశాల వాలీబాల్ జట్టులో ఒక మంచి ఆటగాడు ఉండేవాడు. వాడు హాస్టలులో ఆరో తరగతి పిల్లవాణ్ణి చెయ్యి వాచేటట్లు కొట్టాడు. పిల్లవాడు మా దగ్గరకే వచ్చాడు. జిల్లా పోటీలకు నాలుగు రోజులున్నది. "పోటీలు కానీరా అబ్బాయ్, తరువాత చూద్దాం" అన్నాము.

పోటీలయ్యాయి, గెలిచాము. తరువాత వాణ్ణి పిలిచి మందలించాము కూడా. కాని అప్పటికే ఆ చిన్నవాడి తండ్రి వచ్చి పెట్టె సర్దించుకొని తీసుకొనిపోయాడు. ఏ బడిలో చేర్చాడో మేము విచారించలేదు. షీల్డు మాత్రం మేము పదవీ విరమణ చేసేనాటికి హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలోనే ఉన్నది.