మంచం పక్కన మనిషి

పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని చూసుకునే కోడలిని పొద్దున పూట ఒక్కసారి గమనించండి. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పెద్దావిడను పక్కకు తిప్పాలి. మందులు, పక్కబట్టలు, జావ. తన కాఫీ మాత్రం గట్టు మీద మీగడ కట్టి చల్లారిపోయి ఉంటుంది. అత్తగారి బీపీ మాత్ర ఒక్కరోజు కూడా తప్పదు. తనది వేసుకుందో లేదో తనకే గుర్తుండదు.

"నీ ఒళ్లు కూడా చూసుకోవమ్మా" అని చుట్టాలు చెప్పి వెళ్లిపోతారు. యోగా, నడక అంటూ ఇంకో గంట పని తగిలించే సలహాలంటే నాకు పెద్ద గౌరవం లేదు. ఆ గంట ఎక్కడిది? ఏ అలవాటైనా ఉన్న పనికే ముడిపెడితే నిలుస్తుంది. అత్తగారి మాత్రల డబ్బా పక్కనే తన డబ్బా. ఆవిడకు నీళ్లు తాగించినప్పుడల్లా తనూ నాలుగు గుక్కలు. పక్కకు తిప్పేటప్పుడు మంచానికి దగ్గరగా నిలబడి, నడుం కాకుండా మోకాళ్లు వంచాలి. కింద మడిచి పరిచిన దుప్పటి పట్టుకుని తిప్పితే ఇంకా తేలిక.

నిద్ర దగ్గరే అసలు చిక్కు. వారంలో రెండు రాత్రులైనా కొడుకు మేలుకోవాలి. ఆయన తల్లే కదా! ఆడపడుచు నెలకో ఆదివారం వచ్చి కూర్చోవచ్చు. మొహమాటపడకుండా అడగాలి, అంతే.

దిగులు మరీ ఎక్కువైతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 2022లో కేంద్రం మొదలుపెట్టింది. డబ్బులు పడవు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.