ఎవరి మాటకు యాస ఉంటుంది?

కొన్నేళ్ల కిందట అమ్మ గురించి ఒక జ్ఞాపకం రాశాను. పత్రిక రాగానే ఇంటికి తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది. చివరికి ఒకే మాట అడిగింది: "గిదేంది బిడ్డా, నా మాటలే గిట్ల రాసినవ్? నీ మాటలు మాత్రం పుస్తకంల లెక్క రాసుకున్నవ్. ఇంట్ల ఇద్దరం ఒక్కతీరుగనే మాట్లాడుతం గద!"

నా దగ్గర జవాబు లేదు. నా పిహెచ్.డి. అంశమే స్కాట్లండ్ నవలల్లోని సంభాషణల భాష. వాల్టర్ స్కాట్‌లో తప్పని నేను వేలెత్తి చూపిన పనినే అమ్మ విషయంలో నేనూ చేశాను.

స్కాట్స్ మాటలు కాగితం మీద ఎలా కనిపిస్తాయో చూడండి. ఇంగ్లీషు 'హౌస్' అక్కడ 'హూస్', 'స్టోన్' 'స్టేన్', 'నైట్' 'నిఖ్ట్'. ఈ చివరి మాటలో ఉన్నది ఉర్దూ 'ఖత్'లోని గొంతు ఖ. ఇవి చెడిపోయిన ఇంగ్లీషు కాదు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోనూ 'హూస్' అనే అనేవారు. తర్వాత దక్షిణాది అచ్చు మారింది, ఉత్తరాదిది మారలేదు. అంటే పాత ఉచ్చారణను నిలుపుకున్నవాళ్లే తప్పు పలికినవాళ్లయ్యారు. 'బాల్' అనే మాటలో చివరి లకారం స్కాట్స్‌లో శతాబ్దాల కిందటే పోయింది. అయినా 'బా' అని రాసి పక్కన ఒక కొమ్ము గుర్తు పెట్టడం అలవాటయింది. ఇక్కడ ఏదో లోపించింది, మన్నించండి అన్నట్టు. విమర్శకులు దానికి 'క్షమాపణ గుర్తు' అనే పేరే పెట్టారు.

ఇంకో విచిత్రం ఉంది. 'కార్', 'ఫార్మ్' వంటి మాటల్లో ఉన్న రకారాన్ని స్కాట్లండ్ మనిషి స్పష్టంగా పలుకుతాడు. లండన్ పెద్దమనిషి మింగేస్తాడు. అక్షరానికి దూరం జరిగింది ఆ పెద్దమనిషే. కానీ ఆయన మాటను 'కా' అని రాసిన నవల ఎక్కడుంది? నోరున్న ప్రతివాళ్లకూ ఉచ్చారణ ఉంటుంది. రాతలోకి ఎక్కేది మాత్రం పనిమనిషిదీ, రైతుదీ, ముసలమ్మదీ.

స్కాట్ 1818లో రాసిన 'ది హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్' నాకిష్టమైన నవల. గర్భాన్ని దాచిందన్న కారణంతో చెల్లెలు ఎఫీ మీద శిశుహత్య నేరం పడుతుంది. కోర్టులో ఒక్క అబద్ధం చెప్పడానికి ఒప్పుకోని అక్క జీనీ డీన్స్, రాణిని వేడుకోవడానికి లండన్ దాకా వెళుతుంది, దారి చాలావరకు నడిచే. రాణి ముందు ఆమె మొర దాదాపు మామూలు ఇంగ్లీషులో మొదలవుతుంది. అందరికీ వచ్చే చావు గురించి చెప్పేసరికి స్కాట్స్ అచ్చులు తిరిగొస్తాయి. రాణిని కదిలించింది ఆ గొంతే. ఆ గౌరవం స్కాట్ ఇచ్చాడు. కానీ పక్కనే నిలబడ్డ స్కాటిష్ డ్యూక్‌కు నిఖార్సయిన ఇంగ్లీషు ఇచ్చాడు. కథ చెప్పే గొంతుకూ అదే. తర్వాత ఎఫీ గొప్పింటి కోడలై లేడీ స్టాంటన్ అవుతుంది. ఆమె పైకి ఎక్కడంలో పుట్టింటి మాటను దాచడం కూడా ఒక భాగం.

హాస్టల్లో చేరిన మొదటి ఏడాది నేనూ కొంత ఎఫీనే.

జేమ్స్ కెల్మన్ ఈ గోడను కూల్చాడు. 'హౌ లేట్ ఇట్ వాజ్, హౌ లేట్'లో సంభాషణకు కొటేషన్ గుర్తులుండవు. పాత్రదీ కథనానిదీ ఒకే గ్లాస్గో భాష. 1994లో దానికి బుకర్ వచ్చినప్పుడు, న్యాయనిర్ణేతల్లో ఒకరైన జూలియా న్యూబర్గర్ బాహాటంగానే వ్యతిరేకించారు. కెల్మన్ తన సంస్కృతికీ భాషకూ ఉనికి హక్కు ఉందన్నాడు. నిజమే. కానీ ఆ నవలలో హెలెన్ అనే స్త్రీ శామీ జ్ఞాపకాల్లో తప్ప కనిపించదు. భాషకు హక్కు వచ్చింది, అందులో స్త్రీకి వంతు రాలేదు.

ఆ వంతు నాకు ఆన్ డోనవన్ 'బుద్ధ డా' (2003)లో దొరికింది. రంగులు వేసే పని చేసే జిమ్మీ బౌద్ధం వైపు మళ్లుతాడు. ఆ కథను అతనూ, భార్య లిజ్, కూతురు ఆన్ మరీ వంతులవారీగా గ్లాస్గో మాటలోనే చెబుతారు. అమ్మ మాటను పక్కన నిలబడి సరిదిద్దే గొంతు ఎక్కడా లేదు. కొన్ని పేజీల తర్వాత నాకు యాస కనిపించడం మానేసింది, మనుషులు కనిపించారు.

అలాగని అమ్మ మాటల్ని కూడా 'ప్రామాణికం' చేసేస్తే న్యాయం జరిగినట్టా? అప్పుడు అమ్మే ఉండదు. ఆమె మాటను ఉన్నదున్నట్టు రాయడంలో తప్పు లేదు. అలా రాస్తూ నా మాటను మాత్రం ఉతికి ఇస్త్రీ చేయడంలో ఉంది. యాస ఆమెకు అంటగట్టి, చూసే కళ్లు నాకు ఉంచుకున్నాను. ప్రేమతోనే చేశాను. ప్రేమతో చేసినా అది హెచ్చుతగ్గే.

ఆ రచనను మళ్లీ రాశాను. వంటింట్లో నేనన్న మాటల్ని అన్నట్టే పెట్టాను. "ఇప్పుడు నువ్వు నా బిడ్డ లెక్క ఉన్నవ్" అంది అమ్మ.

కానీ ఈ వ్యాసం? పద్దెనిమిదేళ్ల చదువు నా నోట్లో పెట్టిన భాషలోనే రాస్తున్నాను. పూర్తిగా అమ్మ భాషలో ఆలోచించి వాదించడం నాకింకా చేతకాదు. చేతనైనట్టు నటిస్తే అది వేషమవుతుంది. దీన్ని కూడా అమ్మ చదువుతుంది. ఏమడుగుతుందో నాకు తెలుసు.