బబులోనులో మూడేండ్ల చదువు



దానియేలును అతని ముగ్గురు స్నేహితులును బబులోనులో కల్దీయుల భాషను, విద్యను మూడు సంవత్సరములు నేర్చుకొనిరి; ఆ గడువు తీరిన పిమ్మటనే రాజు వారితో మాటలాడి పరీక్షించెను (దానియేలు 1). భోజనము విషయములో పట్టుదల చూపిరే గాని, పరాయి భాష అని పాఠము మానలేదు. వారికి జ్ఞానము ననుగ్రహించినది దేవుడే. అయినను ఆ మూడేండ్లను ఆయన తగ్గింపలేదు.

మనమును కన్నడ, తమిళ, ఒరియా నాడులలో చదువుకొనువారము. అనేక విశ్వవిద్యాలయములలో 75 శాతము హాజరు లేనిదే హాల్ టికెట్టు ఇయ్యరు. వేరొక విశ్వవిద్యాలయములో చేరువారు మైగ్రేషన్ సర్టిఫికెట్టు ముందుగానే తెచ్చుకొనవలెను. ఉపవాస ప్రార్థన చేసినందున ఆఫీసువారు గడువు పొడిగింపరు.

నవంబరు, డిసెంబరు నెలలలో అనేక చోట్ల సెమిస్టరు పరీక్షలు క్యారల్స్‌తో కలిసి వచ్చును. గనుక సంఘ పెద్దలమైన మనము పాటల ప్రాక్టీసు తేదీలు వేయకముందే పిల్లల టైంటేబులు అడిగి తెలిసికొందము.