తూకము ఒక్కటే చాలునా?

ఒక సంగతి నిజమని మనము ఎప్పుడు చెప్పవచ్చును? నమ్మదగిన సాక్షి యొకడు చెప్పిన చాలునా? ఈ విషయములో ఒక అల్పమైన పురుగు మనకు బుద్ధి నేర్పుచున్నది.

కుళ్లిన మాంసముమీద గ్రుడ్లు పెట్టు ఆకుపచ్చని ఈగ యొకటి కలదు. దాని శాస్త్రనామము లూసీలియా సీజర్. దాని పురుగులను చూచిన మనము ముఖము త్రిప్పుకొందుము. అయితే జపాను దేశములో సుగీత, హోరి మొదలగు శాస్త్రజ్ఞులు ఆ పురుగులలోని గ్లైకోలిపిడ్ల నిర్మాణమును శోధించి 1982లో ప్రకటించిరి. గ్లైకోలిపిడ్ అనగా క్రొవ్వునకు చక్కెరలు గొలుసువలె అతుకబడిన పదార్థము.

మనుష్య దేహములోని ఇట్టి గొలుసులలో చాలవాటియందు మొదట గ్లూకోజు, దాని తరువాత గాలక్టోజు ఉండును. ఈగ పురుగులోనైతే గ్లూకోజు తరువాత మానోజు కనబడెను. ఈ మూడు చక్కెరలలోను కార్బను పరమాణువులు 6, హైడ్రోజను 12, ఆక్సిజను 6. అమరికలో మాత్రమే భేదము, తూకము ఒక్కటే.

కాబట్టి అణువులను తూచు యంత్రము ఎంత సూక్ష్మమైనదైనను, తూకమునుబట్టి మాత్రమే వీటిని వేరుపరచి చెప్పజాలదు. అది అబద్ధమాడదు, దానికి తెలిసినది అంతే. "తక్కిన జంతువులలో గాలక్టోజు గదా, ఇక్కడను అదే" అని వ్రాసినవాడు సరియైన తూకమును చేతపట్టుకొనియే అబద్ధసాక్ష్యము పలికినవాడగును.

అందుచేత వేరు సాక్షులను పిలువవలెను. గొలుసును ఆమ్లముతో విడగొట్టి చూచిన ఏ చక్కెరలున్నవో తెలియును. విడగొట్టకముందే ఖాళీ చోట్ల మిథైల్ గుర్తులు పెట్టినయెడల, గుర్తు పడని చోటులు అతుకులను పట్టియిచ్చును. ఒక్కొక్క రకపు అతుకునే తెంచు ఎంజైములు వరుసను తెలుపును. ఈ సాక్ష్యములన్నియు ఏకమైనప్పుడే నిర్మాణము స్థిరపడును.

పురుగు విషయమై ఇంత జాగ్రత్త యున్నప్పుడు మనిషి విషయమై ఎంత యుండవలెను! పొరుగువానిగూర్చి ఒక్కని మాట విని, "అట్టివారందరు ఇంతే" అని తీర్పు తీర్చిన దినములు మనకు లేవా? చెప్పినవాడు తాను చూచినంతే చెప్పియుండవచ్చును. మిగిలినది మన ఊహ పూరించెను. ఆ ఊహనే నిజమని ఇల్లిల్లు పంచితిమి. శాస్త్రజ్ఞుని తప్పును మరియొక శాస్త్రజ్ఞుడు దిద్దును. చెడిన పేరును ఎవరు దిద్దుదురు?

అయితే సాక్షులందరు దొరకువరకు నోరు మెదపకూడదా అని అడుగుదురేమో. అట్లు కాదు. తూకము మాత్రమే తెలిసినప్పుడు రసాయన శాస్త్రజ్ఞులు ఆ చక్కెరను హెక్సోజు అని వ్రాయుదురు. ఆరు కార్బనులు గల చక్కెర అని దాని అర్థము; ఏదో నిర్ణయింపలేదని భావము. ఆ మాటలో అబద్ధము లేదు, మౌనమును లేదు. మన నోటను అట్టి మాట యొకటి సిద్ధముగా నుండనిత్తము: "మాకు తెలిసినది ఇంతవరకే."